కడుపునొప్పి మీద నేను చేసిన యుద్ధం

మీ ఇంట్లోనో మీ వాడకట్టులోనో చావబోయి బతికి వచ్చిన మనిషి ఉన్నాడా? ఉంటే, అతనికి ఏమైందని పక్కింటివాళ్లు అడిగినప్పుడు మీరేం చెప్పారు?

కడుపునొప్పి అని చెప్పి ఉంటారు. వరంగల్‌లో అందరూ అదే చెప్పేవారు. నేను అక్కడ పనిచేసిన కాలంలో, డెబ్బయ్యో దశకం చివర మొదలై ఎనభయ్యో దశకంలోకి కొన్నేళ్లు, పురుగుల మందు తాగి దవాఖానకు వచ్చిన దాదాపు ప్రతి మనిషి కాగితం మీదా ఆ ఒక్క మాటే ఉండేది. నర్సంపేట వైపు రైతుకూ కడుపునొప్పే, నెక్కొండ కూలీకీ కడుపునొప్పే. చచ్చిపోతే పేపర్లోనూ అదే పడేది. జిల్లాలోని కడుపులన్నీ కూడబలుక్కుని మనుషుల మీద పగబట్టాయా అని నేను సభల్లో వెక్కిరించేవాణ్ణి. జనం నవ్వేవారు. ఆ నవ్వు నాకు బాగుండేది.

నేను పెరిగింది వాదసభల్లో. నాలుక మీద కర్పూరం వెలిగించే బాబాల గుట్టు విప్పడం, దయ్యం పట్టిందన్న ఇంటికి వెళ్లి పట్టలేదని రుజువు చేయడం నాకు ఆదివారం పనులు. కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదివాను. అబద్ధాన్ని చూస్తే ఊరుకోకూడదన్నది ఒక్కటే నేను నమ్మిన మతం.

ఆ రోజుల్లో ఒక దవాఖానలో మానసిక వైద్యం చేసే ఒక డాక్టరమ్మ చిన్న పరీక్ష ఒకటి తలపెట్టింది. ఆమె ప్రశ్న సూటిగా ఉండేది. ఒకసారి చావబోయిన మనిషి మళ్లీ ఆ పని చేసే ప్రమాదం మిగతావాళ్ల కంటే ఎక్కువ. మనం కడుపు కడిగి, సెలైన్ ఎక్కించి ఇంటికి పంపేస్తాం. తర్వాత ఆ మనిషితో ఎవరూ మాట్లాడరు. ఇంటికి వెళ్లాక నాలుగుసార్లు ఒకరు వెళ్లి, కూర్చుని, మాట్లాడి వస్తే, మళ్లీ చావబోయేవాళ్లు తగ్గుతారా?

తగ్గుతారని ఆమెకు అనిపించేది. అనిపించడం చాలదు కాబట్టి మూసిన కవర్లు తయారుచేసింది. మనిషి కోలుకోగానే అతని ఒప్పుకోలు తీసుకుని ఒక కవరు తెరవాలి. సగం కవర్లలో ఎప్పటి వైద్యమే. సగంలో దానితోపాటు ఇంటికి వెళ్లి మాట్లాడే ఆ నాలుగు మాటలు. ఎవరికి ఏది రావాలో మన దయాదాక్షిణ్యాలు నిర్ణయించకూడదు. ఏడాదిపాటు రెండు గుంపులనూ కనిపెట్టి చూడాలి. ఆ పద్ధతి వినగానే నాకు ఒళ్లు పులకరించింది. మంత్రం పనిచేస్తుందా అని ఎవరైనా ఇట్లా పరీక్షించారా?

మాట్లాడే పనికి నన్నూ, వార్డులోని పెద్ద సిస్టర్‌నూ తీసుకుంది. మొదటిరోజే నాతో అంది: "మీరు బాగా మాట్లాడ్తరని విన్న. ఇక్కడ పని అది కాదు. మొదలు వినండి. ఆ మనిషికి ఏ బరువు మోయరాకుండ అయిందో తెలుసుకోండి. దాంట్ల ఒక్క చిన్న పనన్న వాళ్లతోటే చేయించండి. ఇంట్లోళ్ల ముందట ఏదీ తవ్వకండి." నేను తలూపాను. పుస్తకంలో రాసుకున్నాను కూడా. ఆ పేజీ మళ్లీ తిప్పి చూడలేదు.

నా వంతుకు వచ్చినవాళ్లలో ఒకాయన కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషి. యాభై దగ్గర పడ్డవాడు, పొడుగ్గా, కొంచెం వంగి ఉండేవాడు. వార్డులో ఆయన మంచం పక్కన భార్యా, భార్య తమ్ముడూ కూర్చుని ఉన్నారు. ఆ బామ్మర్దే మగ్గం మీద ఆయనకు జత.

"ఏమైంది?" అని అడిగాను.

"కడుపునొప్పి సారూ," అంది భార్య.

"ఎప్పటినుంచి?"

"మా అక్కను చేసుకున్నకాడికెల్లి సారూ," అన్నాడు బామ్మర్ది. "ఆమె చేతి పచ్చిపులుసు ఇరవై ఏండ్లు తిన్నడు. ఇనుప కడుపైనా ఆగుతదా?"

ఆమె కొంగుతో వాణ్ణి ఒకటి కొట్టింది. మంచం మీది మనిషి పెదవి కొంచెం కదిలింది. వాళ్లిద్దరూ ఆ కొంచెం కోసమే పాటుపడుతున్నారని నాకు తట్టలేదు. నిజాన్ని కప్పుతున్నారనే తట్టింది. కవరు తెరిస్తే మాటల గుంపు వచ్చింది. అదృష్టవంతుడు అనుకున్నాను.

మొదటిసారి కొత్తవాడ వెళ్లినప్పుడు ఆయన షెడ్డులో పనిలో ఉన్నాడు. వెడల్పాటి జంపఖానా మగ్గం ముందు పలక మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. పోగు ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి అందాలి. ఇనుప పళ్ల పంజాతో దాన్ని కొట్టి దగ్గరికి నెట్టాలి. ఒకరు ఆగితే రెండోవాడు కూడా ఆగాల్సిందే. అలాంటి మగ్గాలు ఆ షెడ్డులో వరసగా ఉండేవి.

నేను అక్కడ ఉన్న గంటలో ఎంతమంది వచ్చి పలకరించారో. "కడుపెట్లున్నదే మామా?" అని ఒకడు. "జర నయమే," అని ఈయన. ఎదురింటి ముసలమ్మ చెంబెడు మజ్జిగ తెచ్చి, ఆయన తాగేదాకా నిలబడి, ఖాళీ చెంబు తీసుకుపోయింది. ఆయన లేచి వెనక్కి వెళ్తే బామ్మర్ది కూడా లేచాడు.

"నువ్వెందుకురా?" అన్నాడాయన.

"కడుపునొప్పోనివి. నడుమల పడితే ఎత్తేటోడు ఉండొద్దా? నీ బరువు మోసుడు నాకేమన్న షౌకా, మా అక్క తిడ్తదని," అన్నాడు వాడు.

వాడకట్టు వాడకట్టంతా కలిసి ఒకే అబద్ధం ఆడుతోంది. నాకు ఒళ్లు మండింది. నేను చేయాల్సిన పని ఏమిటో అక్కడే నిర్ణయించుకున్నాను. ఈ మనిషి చేత నిజం ఒప్పించాలి. ఒప్పుకుంటేనే బాగుపడతాడు.

ఆ రోజు ఆయన్ని అడిగినవన్నీ కడుపు గురించే. నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు. ఆయన చెయ్యి పెట్టి చూపించాడు. డాక్టర్లు చూశారనీ అక్కడ ఏమీ లేదనీ చెప్పాను. "మరి ఉన్నది సారూ," అన్నాడు. రెండోసారి వెళ్లినప్పుడు పరీక్షల కాగితాలు పట్టుకెళ్లి ఒక్కొక్కటీ చదివి వినిపించాను. ఆయన చేతిలోని పోగును వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. నా కళ్లలోకి చూడలేక తప్పించుకుంటున్నాడనుకున్నాను. "మీరు సదువుకున్నోళ్లు సారూ," అన్నాడు చివరకు. వాదంలో ఎదుటివాడు నీరసించడం నాకు బాగా తెలిసిన గుర్తు. ఇంకొక్క దెబ్బ చాలు.

మూడోసారి ఇంట్లోవాళ్లను కూడా షెడ్డుకు పిలిపించాను. నలుగురి ముందు చెప్పిన నిజానికే బలం ఉంటుందని నా సిద్ధాంతం. బామ్మర్దికి ఏదో వాసన తగిలినట్టుంది, అడ్డం వచ్చాడు.

"ఏంది సారూ, మా బావ కడుపు మీద మీకంత మోజు? మీ ఇంట్ల బువ్వ పెడ్తలేరా?"

షెడ్డులో నవ్వారు. నేను నవ్వలేదు. "నిజం చెప్పడానికి భయపడే మనిషి ఎన్నటికీ బాగుపడడు," అన్నాను. ఆయన వైపు తిరిగి అడిగాను: "నొప్పికి తాగావా, చావడానికి తాగావా? నువ్వు చెప్పేదాకా నేను ఇక్కడి నుంచి లేవను."

పక్క మగ్గాల మీద పంజాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. ఆయన ముందున్న పోగుల మీద అరచెయ్యి ఆనించాడు.

"సావనీకే తాగిన సారూ," అన్నాడు. "అయిపాయెనా?"

భార్య ముఖం తిప్పుకుని ఇంటికి వెళ్లిపోయింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఊపాను. అభినందించాను. దారి పొడుగునా నాకు సభ ముగిశాక చప్పట్లు విన్నంత ఉల్లాసంగా ఉంది. పుస్తకంలో "ఒప్పుకున్నాడు" అని రాసి కింద గీత గీశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ కాలంలో చావబోయి బతకడం కూడా నేరమే. బతికినవాడి మీద పోలీసు కేసు పెట్టవచ్చు. కడుపునొప్పి అన్న మాట వెనక ఆ భయం కూడా ఉంది. చట్టం సంగతి నాకు తెలుసు. దాన్ని తిడుతూ ఉపన్యాసం కూడా ఇచ్చి ఉన్నాను. కానీ ఆ రోజు షెడ్డు యజమాని గుమ్మంలో నిలబడి వింటున్నాడన్నది నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఆ యజమాని చెడ్డవాడు కాదు. మర్నాడు ఆయనతో మెల్లగానే చెప్పాడట: "కడుపునొప్పంటే ఒక తీరు. నలుగుట్ల చెప్తివి. రేపు మళ్ల ఏమన్నయితే పోలీసులు నా షెడ్డుకొస్తరు. కొన్నాళ్లు ఇంటికాడ ఉండే." బామ్మర్ది పక్కన పలక మీద ఇంకొకణ్ణి కూర్చోబెట్టాడు.

నాలుగోసారి వెళ్లేసరికి ఆయన ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. భార్య కండెలు చుట్టే పనికి వెళ్లింది. ఎవరూ పలకరించడానికి రాలేదు, మజ్జిగ చెంబు రాలేదు. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఇదంతా నేను చూశాను. చూసి, అరగంటసేపు ధైర్యం గురించి చెప్పాను. "మంచిగ చెప్పిన్రు సారూ," అన్నాడు. నాలుగు మాటలూ పూర్తయ్యాయని కాగితం మీద సంతకం పెట్టుకుని వచ్చేశాను.

రెండు వారాల తర్వాత ఆయన్ని మళ్లీ అదే వార్డుకు తెచ్చారు. ఈసారి తెలివి లేదు.

బామ్మర్ది వరండాలో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కదల్లేదు. ఏం జరిగిందని అడిగాను. వాడి నోట్లో హాస్యం లేకపోవడం నేను చూసింది అదే మొదటిసారి.

"మాకు తెల్వదనుకున్నరా సారూ, కడుపునొప్పి కాదని? వాడకట్టంత తెలుసు. అందుకే పొద్దున లేస్తే అడుగుతుంటిమి. ఆయిన నయమంటే పనిల పడుతుంటిమి, బాగలేదంటే పక్కన కూసుంటుంటిమి. దినాం నా మోచెయ్యి ఆయిన మోచేతికి తాకుతుండె. ఇప్పుడు నా పక్కకు ఇంకోడు కూసుంటాండు. ఇగ ఏమని అడగాలె సారూ? ఏమే బావా, ఇయ్యాల సావబుద్ధయితాందా అని దారెంబడి పోయేటోడు అడుగుతడా?"

నా ఎదుట నిలిచి వాదంలో ఓడించినవాళ్లు అప్పటికి చాలా తక్కువ. వాడు వాదించడం లేదు.

ఇప్పుడు రాయబోయేది నేను ఇంతవరకు ఎక్కడా రాయలేదు. పరీక్ష కాగితంలో ఒక గడి ఉండేది: మళ్లీ ప్రయత్నం చేశాడా, లేదా. ఆయన భార్య ఈసారి కూడా పోలీసుల భయంతో కడుపునొప్పనే రాయించింది. నేను కలం తీసి ఆ గడిలో "లేదు" అని రాశాను. పక్కన, కారణం దగ్గర, "కడుపునొప్పి" అని రాశాను. నా చేత్తోనే. ఆమె ఆ మాట మొగుణ్ణి కాపాడుకోవడానికి చెప్పింది. నేను నన్ను కాపాడుకోవడానికి రాశాను.

మూడు రోజులు ఆయన బతుకుతాడో లేదో తెలియలేదు. మూడు రోజులూ ఆ కాగితం నా సంచిలోనే ఉంది. మూడోరోజు మధ్యాహ్నం ఆయన కళ్లు తెరిచాడు. మంచం కాళ్ల దగ్గర నిలబడ్డ నన్ను చూసి, మెల్లగా, ఎంతో కష్టపడి, అటువైపు ఒత్తిగిల్లాడు. నేను అక్కడి నుంచి నేరుగా డాక్టరమ్మ గదికి వెళ్లి కాగితం ముందు పెట్టాను. అబద్ధం రాశానని చెప్పాను.

ఆమె చదివింది. గడిలో కొట్టివేసి "అవును" అని రాసి పక్కన సంతకం పెట్టింది. కేకలు వేస్తుందనుకున్నాను.

"కాగితమైతే దిద్దుకోవచ్చు," అంది. "మీరు నాలుగుసార్లు పోయిన్రు గదా. ఆయన ఎందుకు తాగిండట?"

నేను పుస్తకం తీసి పేజీలు తిప్పాను.

"అడగలేదా?"

"అడగలేదు," అన్నాను. "రుజువు చేశాను."

ఆ తర్వాత నన్ను మనుషుల దగ్గరికి పంపలేదు. కవర్లు సర్దడం, కాగితాలు ఎత్తి రాయడం నాకిచ్చింది. నేను అడ్డు చెప్పలేదు.

ఆయన దగ్గర సిస్టర్ కూర్చుంది. పక్క మంచాలవాళ్లు వినకుండా మంచాన్ని కిటికీ మూలకు జరిపించింది. బత్తాయి ఒలుస్తూ మాట్లాడేది. నేను వార్డు బయట బల్ల దగ్గర కాగితాలు రాస్తూ ఉండేవాణ్ణి, కొన్ని మాటలు వినబడేవి. ఆమె నాలాగే సూటిగా అడిగింది. "మళ్ల సావాలనిపిస్తాందా అన్నా?" అంది. ఆ మాటకు నా చెయ్యి ఆగిపోయింది. అడగడమే తప్పని నేను అప్పటికి ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాను. కానీ ఆమె నలుగురూ వినకుండా, గొంతు తగ్గించి, తెలుసుకోవడానికి అడిగింది. ఆయన చెప్పాడు. అనిపిస్తున్నదన్నాడు. పొద్దుటి పూట ఎక్కువ అన్నాడు. ఆమె ఉలిక్కిపడలేదు, ధైర్యం చెప్పలేదు. "పొద్దుగాల్ల ఏం యాదికొస్తది?" అని అడిగి, ఒక తొన ఆయన చేతిలో పెట్టింది.

అప్పుడు బయటికి వచ్చింది. ఏడాదిగా ఆయనకు నల్లపోగూ నీలిపోగూ ఒక్కతీరుగా కనబడుతున్నాయి. పువ్వు ఉండాల్సిన చోట తప్పు పడేది. ఆయన తిండికి లేచినప్పుడు బామ్మర్ది ఆ వరసలు విప్పి, అటూ ఇటూ జరుగుతూ ఒక్కడే మళ్లీ నేసేవాడు, ఎవరికీ చెప్పకుండా. ఆయనకు తెలుసు.

"ఎన్నడు నోరు తెరిచి అన్లేదు సిస్టరమ్మా. నేన్ నేసింది వాడు ఇప్పుతడు, నవ్వుకుంట మాట్లాడ్తడు. ఎన్నాళ్లు వాని మీద పడి బతకాలె?"

సిస్టర్ ఆయన చెయ్యి పట్టుకుని పక్క భవనంలో ఉన్న కంటి డాక్టరు దగ్గరికి నడిపించింది. రెండు కళ్లలోనూ శుక్లాలు.

పోగును వెలుతురుకు ఎత్తిపట్టుకుని ఆయన నా ఎదురుగానే కూర్చున్నాడు. నేను హేతువాదిని. కళ్లముందున్న హేతువును నేను చూడలేదు. కళ్లొక్కటే కారణమని ఇప్పుడూ అనను. మనిషి చావుకు తెగించడం వెనక ఒకే దారం ఉండదు. కానీ ఆ ఒక్క దారమైనా నా చేతికి ఎందుకు తగలలేదంటే, నేను చెయ్యి చాపలేదు. వేలు చూపించాను.

కళ్లకు ఆపరేషన్ చేశారు, మందపాటి అద్దాలు వచ్చాయి. బావ లేకుండా ఆ పలక మీద తాను కూర్చోనని బామ్మర్ది మొండికేశాడు. యజమాని కొన్ని రోజులు చూసి ఒప్పుకున్నాడు. సిస్టర్ నాలుగుసార్లతో ఆపలేదు, చాలాకాలం వెళ్తూనే ఉంది. ఆ ఎక్కువ కూడా కాగితాల్లోకి ఎక్కింది. డాక్టరమ్మ ఏదీ దాచనిచ్చేది కాదు.

పరీక్ష ఏం తేల్చిందని మీరు అడుగుతారు. ఏమీ తేల్చలేదు. మనుషులు చాలలేదు. కొందరు ఊళ్లు విడిచి పోయారు. ఉన్నదాన్ని బట్టి మాట పనిచేస్తుందనీ చెప్పలేం, చేయదనీ చెప్పలేం అని డాక్టరమ్మ రాసింది, నిజాయితీగా. ఆ కాగితాలను ఎత్తి రాసినవాణ్ణి నేనే కాబట్టి నాకు ఒకటి తెలుసు. మాటల గుంపు అన్న ఒక్క పేరు కింద సిస్టర్ చేసిందీ, నేను చేసిందీ కలిసే ఉన్నాయి. ఆ మందులో విషం కలిపింది నేనైతే, మందు పనిచేయలేదని ఎవరనగలరు? పద్ధతిని నేను ఇప్పటికీ సమర్థిస్తాను. మంచి ఉద్దేశాన్ని కూడా పరీక్షకు పెట్టాలి. నేను పెట్టనిది నా ఉద్దేశాన్నే.

చాలా ఏళ్లకు నెక్కొండ స్టేషన్‌లో ఆయన కనిపించాడు. చుట్టిన జంపఖానాలు పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. మందపాటి అద్దాల్లోంచి నన్ను దూరం నుంచే గుర్తుపట్టాడు. కట్టలు కిందికి దించి చోటిచ్చాడు.

"మంచిగున్నరా సారూ? బక్కపడ్డరు," అన్నాడు.

క్షమించమని అడగడానికి బండి వచ్చేదాకా సమయం ఉంది. నేను జంపఖానాలకు గిరాకీ ఎట్లా ఉందని అడిగాను. ఆయన చెప్పాడు. బండి వచ్చింది. ఆయన ఎక్కాడు. ఆ తర్వాత ఆయన ముసలితనంతో, ఇంట్లో, తనవాళ్ల మధ్య పోయాడని విన్నాను. వేల మంది ముందు గొంతెత్తిన నాకు ఆ బెంచీ మీద ఒక్క వాక్యం పెగల్లేదు. ఇక ఎవరితో అనాలి?

అందుకే ఇది మీతో అంటున్నాను. చావు అంచుదాకా వెళ్లి వచ్చిన ఆ మనిషి మీ అన్నో, మీ కోడలో, మీ పక్కింటి పిల్లో కావచ్చు. ఇది చదవగానే ఆ ముఖం మీకు గుర్తొచ్చే ఉంటుంది. ఇవాళే వెళ్లండి. నలుగురూ లేనప్పుడు వెళ్లండి. ఏం కష్టంగా ఉందో అడగండి, మళ్లీ చావాలనిపిస్తోందా అని కూడా మెల్లగా అడగండి. జవాబు ఏదైనా సరే తీర్పు చెప్పకండి. అవునంటే ఒంటరిగా వదలకండి, చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి మీరే నడిపించండి. వచ్చే వారం మళ్లీ వెళ్లండి. పుస్తకం మూసి లేవండి.